ఆది జాకెట్టు

టైలరింగ్ నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీరు కుట్టినవాటిల్లో మిమ్మల్ని బాగా కష్టపెట్టింది ఏది మాస్టారూ అని అడుగుతుంటారు. పెళ్లికూతురి మగ్గం వర్కు గురించో, ముహూర్తానికి ముందు అందించిన ఆర్డరు గురించో చెబుతానని వాళ్ల ఆశ. గుంటూరులో నలభై ఏళ్లు లేడీస్ టైలరుగా పనిచేసి, చూపు తగ్గాక షాపు వదిలేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. పెళ్లి జాకెట్లు నన్నెప్పుడూ కష్టపెట్టలేదు. కష్టపెట్టినవి కొన్ని మామూలు జాకెట్లు. వాటిని వేసుకోవాల్సిన వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు.

ముందు ఆది గురించి చెప్పాలి. మీరిప్పుడు టేపు పట్టి కొలతలు తీసి ఫోనులో దాచుకుంటున్నారు. మా రోజుల్లో అలా కాదు. ఆడమనిషి తనకు బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తుంది. అది ఆది జాకెట్టు. దాన్ని బల్ల మీద కొత్త గుడ్డపై పరిచి, అంచుల వెంట సుద్దగీత గీసి కత్తిరిస్తాం. మనిషిని ముట్టుకునే పని లేదు. మగ టైలరుకీ ఆడ కస్టమరుకీ మధ్య అదొక మర్యాద. ఆ మర్యాదలోనే ఇంకో నియమం ఉంది. తెచ్చిన ఆది గురించి మనం ప్రశ్న వేయకూడదు. ‘ఇది నీకు బిగుతవుతుందేమోనమ్మా’ అన్నామంటే ఆ మనిషి మళ్లీ మన మెట్టెక్కదు. ఆది ఎలా ఉంటే జాకెట్టు అలా. నాకు పని నేర్పినాయన చెప్పిన మొదటి మాట అది. నేను బావకు చెప్పిన మొదటి మాట కూడా అదే.

బావ నాకు చుట్టం కాదు. మా షాపులో రెండో మిషను అతనిది. చేరిన కొత్తలో ఎవరు ఎవర్ని ముందు బావా అన్నారో గుర్తులేదు, అదే ఉండిపోయింది. ప్రత్తిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పని నెమ్మది. కుట్టు పక్కన అందరికంటే ఎక్కువ గుడ్డ లోపల వదిలేవాడు. ఎందుకంత దండగ అంటే, “ఒళ్లు ఒక్కలాగే ఉండదు బావా, మారుద్ది. మారినప్పుడల్లా కొత్తది కొనుక్కోవాలా ఏంటి?” అనేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం పైకి చదువుతుంటే అతను హుక్కులు కుట్టుకునేవాడు. నచ్చనిచోట, “ఇక్కడ జరీ ఎక్కువైంది బావా” అనేవాడు. రాత గురించి నేను నేర్చుకున్న విమర్శ అదొక్కటే. పోయిన వానాకాలంలో అతను చనిపోయాడు. అతని గురించి రాస్తున్నప్పుడు జరీ పడకుండా చూసుకోవడం నా బాధ్యత.

మా షాపుకు రాకముందు అతను నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. మిరపకాయలు యార్డుకు చేరి చేతులు ఖాళీ అయ్యే రోజుల్లో మా ఊళ్లలో తిరునాళ్లు వస్తాయి. అటు అద్దంకి దాకా, ఇటు పొన్నూరు దాకా వాళ్ల నాటక సమాజం తిరిగేది. రాణి వేషం ఎప్పుడూ అతనిదే. పరిచయం లేని రోజుల్లో నేనొకసారి చూశాను. నా ముందు కూర్చున్న ఇద్దరు రైతులు ఆ రాణి ఆడదా మగాడా అని నాటకం నడిచినంతసేపూ వాదించుకున్నారు. రాజు ఏం చేశాడో వాళ్లు పట్టించుకోలేదు, వాళ్ల వల్ల నేనూ వినలేదు.

ఎందుకు మానేశావని అడిగితే ఒకటే జవాబు: “అసలు ఆడవాళ్లే నాటకాల్లోకి వచ్చాక మీసం గీసుకున్నవాణ్ణి ఎవడు పిలుస్తాడు బావా?” నిజమే అనుకున్నాను. ముప్పై ఏళ్లు అదే అనుకున్నాను.

ఒక ట్రాన్స్ మహిళ చాలాకాలంగా మా కస్టమరు. మొదటిసారి వచ్చినప్పుడు, ఈ వీధిలో అన్ని షాపులవాళ్లూ ఆర్డర్లు నిండిపోయాయన్నారు, మీకూ నిండిపోయాయా అని గుమ్మం బయటే నిలబడి అడిగింది. లేదు, లోపలికి రమ్మన్నాడు బావ. అంతకుమించి మేము చేసిందేమీ లేదు. ఆమె ఒక చిన్న సంఘం నడుపుతోంది. బస్టాండు వెనక ఒక అద్దె గది. ఇంట్లోంచి గెంటేస్తే వచ్చి పడుకోవడానికీ, రేషన్ కార్డుకు ఎవరి దగ్గరికి పోవాలో అడగడానికీ, ఏమీ లేకపోతే టీ తాగి కబుర్లు చెప్పుకోవడానికీ ఆ గది. అక్కడికి ఆమెలాంటి ఆడవాళ్లూ వస్తారు, మగవాళ్లుగానే ఉంటూ చీర కట్టి ఆడిపాడటం ఇష్టమైన కుర్రాళ్లూ వస్తారు.

ఆమె ఒకరోజు వచ్చి, ఒక ప్రదర్శన పెడుతున్నామని చెప్పింది. పెద్ద ఊళ్లలో డ్రాగ్ అని చేస్తున్నారట. అక్కడ చూసొచ్చిన మా కుర్రాళ్లు గుంటూరులో మనమెందుకు చేయకూడదని పట్టుబట్టారంది.

“డ్రాగ్ అంటే ఏంటమ్మా?” అన్నాడు బావ, మిషను ఆపకుండానే.

“మగవాళ్లు ఆడవేషం కట్టి స్టేజీ ఎక్కడం, బాబాయ్.”

“దానికి కొత్త పేరెందుకు?”

నేను నవ్వు ఆపుకోలేక, ఆ విద్య నీకు ఎదురుగానే కూర్చుని ఉందమ్మా అన్నాను. ఆమె అతన్ని కొత్తగా చూసింది. అతను నన్ను కొట్టేలా చూశాడు. తర్వాత అతనే లేచి, బల్ల ముందున్న కాస్త జాగాలో నేల మీద కూర్చున్నాడు. లుంగీ మీద ఉన్నాడు. కుడి అరచేయి మోకాలి మీద ఆనించి, ఎడమచేత్తో లేని కుచ్చిళ్లు కూడదీసుకుని, లేచి నిలబడి, లేని పైట సర్దుకున్నాడు. “నడవటం ఎవడైనా చేస్తాడు. కూర్చుని లేవండి, చూద్దాం” అన్నాడు. మళ్లీ మిషను దగ్గరికెళ్లి కూర్చున్నాడు.

అలా ఆదివారాలు మధ్యాహ్నం ఆ గదిలో పాఠాలు మొదలయ్యాయి. నాకు తోచక నేనూ వెళ్లేవాణ్ణి. బావకు మొదట పడనిది మీసం. పొన్నూరు నుంచి ల్యాబ్ టెక్నీషియన్ కుర్రాడొకడు వచ్చేవాడు. దిట్టమైన మీసం. చీర కడతాను, కాటుక పెడతాను, మీసం మాత్రం తీయనన్నాడు. మీసంతో ఆడవేషమేంట్రా, జనం నవ్విపోతారు అన్నాడు బావ. నవ్వాలనే కదా బాబాయ్ అన్నాడు వాడు. మీ రోజుల్లో మగాడని తెలిస్తే ఓడిపోయినట్టు, మాకు తెలిస్తేనే ఆట అన్నాడు. బావకు అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది. విద్యంటే మనిషి మాయమవడం అని అతని నమ్మకం.

సంఘం నడిపే ఆమె అప్పుడు అంది: “నువ్వు మగాడివని తెలియకుండా దాచావు బాబాయ్. వాడు దాచనంటున్నాడు. నాకసలు దాచడానికేమీ లేదు, నేను ఆడదాన్నే. ముగ్గురం ఒకే స్టేజీ ఎక్కితే స్టేజీ విరుగుద్దా?”

విరగదు గానీ చీర మాత్రం సరిగ్గా కట్టండి అన్నాడు బావ. తర్వాతి వారం వాడికి మీసంతోనే సిగ్గుపడటం నేర్పాడు. గదిలో వాళ్లు నవ్వలేక చచ్చారు. ఆ సాయంత్రం బస్టాండుకు నడుస్తూ, “నేను కూడా ఒక్కసారి ఎక్కుతా బావా. వీళ్లతో కలిసి” అన్నాడు. రెండు రోజుల తర్వాత మీసం తీసేసి షాపుకొచ్చాడు.

మా వైపు ఆ వయసు మగాడు మీసం తీశాడంటే ఇంట్లో పెద్దవాళ్లెవరో పోయారని అర్థం. ఎవరు పోయారండీ అని బస్సులోనే ఇద్దరు అడిగారట. ఆ మాట బావ కొడుకు దాకా వెళ్లింది. అతను మిర్చి యార్డులో గుమస్తా. మర్నాడు మధ్యాహ్నం కారం ఘాటుతో సహా మా షాపుకొచ్చాడు.

“నాన్నా, యార్డులో నేను తలెత్తుకుని తిరగాలా వద్దా?” అన్నాడు.

బావ హెమ్మింగు చేస్తూనే ఉన్నాడు.

“ఆ కొజ్జావాళ్లతో కలిసి స్టేజీ ఎక్కుతాడంట మీ నాన్న అని హమాలీలు కూడా అడుగుతున్నారు. ఈ వయసులో నీకేంటిది? మామయ్యా, నువ్వైనా చెప్పవేం?”

“ఆ మాట ఇక్కడ వాడమాక. వాళ్లు మా కస్టమర్లు” అన్నాడు బావ. గొంతు పెంచలేదు. తలెత్తలేదు. అబ్బాయి వెళ్లిపోయాడు. నాకు అతని మీద కోపం రాలేదు. యార్డులో రోజంతా నలుగురి నోళ్ల మధ్య బతకాల్సింది అతను.

ప్రదర్శన దగ్గరపడింది. మంగళగిరి నూలు చీరలు కట్టాలని సంఘంలో అనుకున్నారు. జాకెట్లు మా పని. గుడ్డలతో పాటు ఆదిలన్నీ ఒక సంచిలో వచ్చాయి. నేను కత్తిరించాను, ఇద్దరం కుట్టాం. భుజాలు ఇరుకుగా ఉన్నాయని నాకు తెలియలేదా అంటే తెలిసింది. బావకూ తెలిసింది. ఇద్దరం పైకి అనలేదు. ఎవరి ఒంటి సంగతి వాళ్లకు తెలుసు, మామూలు కస్టమర్లనే అడగం, వీళ్లనడిగితే ఇంకా నొచ్చుకుంటారు అనుకున్నాం. టేపు తీస్తే ఒళ్లు తడిమినట్టుంటుందేమోనని కూడా భయపడ్డాం.

ప్రదర్శనకు ముందు శుక్రవారం ట్రయల్ వేశారు. సంఘం నడిపే ఆమె జాకెట్టు తప్ప ఒక్కటీ ఎక్కలేదు. కొన్ని మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ఒకడు చేతులు రెండూ దూర్చి బయటికి తీయలేక, రెక్కలు విరిచి కట్టిన కోడిలాగా గది మధ్య నిలబడిపోయాడు. అతన్ని విడిపించడానికి ఇద్దరు పట్టారు.

అప్పుడు బయటపడింది. ఆమెది తప్ప ఆదిలు ఎవరివీ వాళ్లవి కావు. కట్టుకునే చీరలు అరువు తెచ్చుకుని ఇన్నాళ్లూ పైన ఏదో చొక్కా వేసుకునో, పైట చుట్టుకునో గడిపినవాళ్లు. సొంత జాకెట్టే లేనివాళ్లకు ఆది ఎక్కణ్ణుంచి వస్తుంది? కొలతలు తీయమని మమ్మల్ని అడగడానికి వాళ్లకు మొహమాటం. మాస్టార్లు పెద్దవాళ్లు, మమ్మల్ని ముట్టుకోవడం వాళ్లకు ఇబ్బందేమో అనుకున్నారట. ఒకడు అక్కది తెచ్చాడు. ఒకడు వదిన పెళ్లి జాకెట్టు చెప్పకుండా తెచ్చాడు, ఆమె ఇల్లంతా వెతుకుతోందట. పొన్నూరు కుర్రాడు తెచ్చింది వాళ్లమ్మది. ఆమె లేదు. “దీని మీద సుద్ద పడలేదుగా మాస్టారూ?” అని మాత్రం అడిగాడు. కాస్త పడింది. బావ దాన్ని తీసుకుని, తన తువ్వాలుతో గీత కనబడకుండా పోయేదాకా తుడిచి ఇచ్చాడు.

నలభై ఏళ్ల పనిలో నేను అంత పెద్ద తప్పు ఎప్పుడూ చూడలేదు. అందులో దురుద్దేశం ఎవరికీ లేదు. అటు వాళ్లూ ఇటు మేమూ మర్యాదగా ఉన్నాం, అంతే.

బావ టేపు తీసి మెడలో వేసుకున్నాడు. “వరసగా రండి. చొక్కాలు విప్పండి” అన్నాడు. అతను కొలుస్తుంటే నేను రాసుకున్నాను. మొదట్లో అందరూ బిగుసుకుపోయారు. పొన్నూరు కుర్రాడు చేతులు చాపి నిలబడి, “నన్నెవరూ ఇట్టా కొలవలేదు బాబాయ్. చిన్నప్పట్నించీ అన్నీ రెడీమేడే” అన్నాడు.

“కదలమాక. నవ్వితే ఛాతీ పెరుగుద్ది” అన్నాడు బావ.

తర్వాత ఎవరి కొలత ఎక్కువో అని వాళ్లలో వాళ్లే పందేలు వేసుకున్నారు. మేం షాపుకొచ్చి పని మొదలుపెట్టాం. కుట్లు విప్పితే లోపల బావ వదిలిన గుడ్డ అక్కరకొచ్చింది. అది చాలనిచోట చంక కింద ముక్కలు వేశాం. భుజాలు మరీ చాలనివాటికి వీపు తెరిచి తాళ్లు పెట్టాం, పైట కప్పేస్తుంది కదా అని.

అన్నీ మడతపెట్టాక, నీది వేసి చూడలేదే అన్నాను.

“నాది సరిపోద్దిలే. నా ఆదికే కుట్టుకున్నా.”

“ఏ ఆది?”

“పెట్లో ఉంది. రాణి వేషం నాటిది.”

వేసుకుని చూపించమన్నాను. అక్కర్లేదన్నాడు. గట్టిగా అన్నాను. తెర వెనక్కి వెళ్లి ఎర్ర పట్టు జాకెట్టు వేసుకుని వచ్చాడు. భుజాలు జారి జబ్బల మీదికొచ్చాయి. ముందు భాగం గోడ కొక్కేనికి తగిలించిన బట్టలాగా వేలాడింది. ఇద్దరం అద్దంలో చూశాం. ఆరునెలలుగా కడుపులో గ్యాస్ అంటున్నాడు. గుండీలు కొనుక్కొస్తానని వెళ్లి పెద్దాసుపత్రికి వెళ్లొస్తున్నానని అప్పుడు చెప్పాడు. మనిషి ఎదురుగా రోజూ కూర్చుంటే చొక్కా వెనక ఏం జరుగుతోందో తెలియదు.

టేపు తీసుకున్నాను. ముప్పై ఏళ్లలో అతన్ని కొలవడం అదే మొదలు. ఛాతీ కొలత పైకి చదవలేదు. ఎంత అన్నాడు. చెప్పాను.

“మా ఆవిడదీ ఇంచుమించు అంతే. ఆమెకు నేను ఆది లేకుండానే కుడతా, తెలుసుగా” అన్నాడు. తర్వాత ఎర్ర జాకెట్టు విప్పి మడతపెట్టి, “రాణి వద్దులే బావా. మామూలు నూలు గుడ్డతో ఒకటి కుట్టు” అన్నాడు.

ఇంట్లో చెప్పావా అని అడిగాను. అప్పుడు వచ్చింది అసలు మాట. పెళ్లయిన కొత్తలో వాళ్లావిడ అద్దంకి దగ్గర పుట్టింటికి ఏదో శుభకార్యానికి వెళితే, అక్కడి ఆడవాళ్లు, నీ చీరలు ఆయన కడతాడా, ఆయన చీరలు నువ్వు కడతావా అని అడిగారట. ఏడ్చుకుంటూ వచ్చి మానెయ్యమంది. అతను సరేనని కూడా అనలేదట. మర్నాటి నుంచి మీసం పెంచాడు. నాటకాల్లోకి ఆడవాళ్లొచ్చారన్న మాట ఆ తర్వాత తను అల్లింది.

“ఇప్పుడు అడిగితే?”

“వద్దంటే మానతా. అందుకే అడగలా” అన్నాడు. “మీసం తీసినా ఏంటని అనలా ఆమె. ఆమె ఏమీ అనకపోతేనే నాకు భయం. ఇంకోసారి ఎక్కేంత టైము నాకు ఉండదు బావా. కానీ ఆమెకు తెలియకుండా ఎక్కను.”

శనివారం పొద్దున్నే ఆ నూలు జాకెట్టు కుట్టి, అతను షాపులో ఉండగా నేను ప్రత్తిపాడు వెళ్లాను. నన్నెవరూ పంపలేదు. బావ భార్యను నేను చెల్లెమ్మా అంటాను. ఆమె వరండాలో గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను జాకెట్టు విప్పి చూపించాను. కారం చేతులన్నయ్యా, నువ్వే పట్టుకో అంది. ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

“ఆయనదా?”

“బావదే.”

“ఇంత సన్నబడ్డాడా. రోజూ చూస్తూనే ఉన్నా. గుడ్డలో చూస్తే తెలుస్తోంది.”

ఆసుపత్రి సంగతి ఆమెకు తెలుసు. తనకు తెలుసని అతనికి తెలియదు, అంతే. మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టి, “నేను మానమన్నానని చెప్పాడా నీకు?” అని అడిగింది.

“నిన్ననే చెప్పాడు.”

“నన్ను ఒక్కసారి కూడా దెప్పలేదు. ఆడవాళ్లొచ్చారు, అందుకే మానేశానని ఊళ్లో అందరికీ చెప్తుంటే విని విని నాక్కూడా అదే నిజమనిపించింది. బాగానే ఉందిలే అనుకున్నా.” ఇంకో కాయకు తొడిమ తుంచి, “ఆయన ఆట నేను చూడలేదన్నయ్యా. పెళ్లికి ముందు మా ఊరొచ్చి ఆడాడంట. మా నాన్న ఆడపిల్లల్ని పంపలా” అంది.

ఎక్కమన్నావని చెప్పనా అన్నాను.

“రేపు నేనొస్తానని చెప్పు. చాలు.”

ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. చిన్న హాలు, సగానికి పైగా నిండింది. సంఘం వాళ్ల స్నేహితులు, కాలేజీ పిల్లలు, నాటకమని వచ్చి కూర్చున్న నలుగురైదుగురు ముసలివాళ్లు. చెల్లెమ్మను బండి మీద తీసుకొచ్చింది వాళ్లబ్బాయే. లోపలికి రాలేదు. గేటు దగ్గర నిలబడ్డాడు. గుంటూరులో ఎండాకాలం హెల్మెట్ పెట్టుకునే మనిషిని నేను అరుదుగా చూశాను. అతను ఆరోజు నిలబడ్డంతసేపూ హెల్మెట్ తీయలేదు.

జాకెట్లు నిలబడ్డాయి. నాకు కావలసింది అదే కనుక ఒక్కొక్కరి చంకలకేసే చూస్తూ కూర్చున్నాను. పొన్నూరు కుర్రాడు మీసంతో సిగ్గుపడితే హాలు దద్దరిల్లింది. సంఘం నడిపే ఆమె పాడింది. ఆమె పాడుతుంటే ఎవరూ నవ్వలేదు. ఆమె కోరుకున్నది కూడా అదే.

చివర బావ. రాణి కోసం ఎదురుచూసిన ముసలివాళ్లు నిరాశపడి ఉంటారు. వెలిసిన చీర, నేను కుట్టిన జాకెట్టు, ముడి. ఎవరో ఒక గోనెపట్టా పరిచి పోయారు. అతను వచ్చి కూర్చున్నాడు. పాట లేదు, మాట లేదు. లేని మిరపకాయలకు తొడిమలు తీయడం మొదలుపెట్టాడు. కంటి మీద పడ్డ వెంట్రుకను వేళ్లతో తీయకుండా మోచేతి పైభాగంతో తోసుకున్నాడు. ముక్కు దురదపెడితే భుజానికి రుద్దుకున్నాడు. వీధిలో ఎవరో వెళితే తలెత్తి, చెయ్యి ఆగకుండానే పలకరించి, వాళ్లు దాటాక మూతి తిప్పాడు. జనం నవ్వారు. ఎవరో వస్తారని ఒకసారి గుమ్మంకేసి చూశాడు. రాలేదు. ఇంకో గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. చివరికి మోకాలి మీద చెయ్యి ఆనించి, కుచ్చిళ్లు కూడదీసుకుని లేచాడు. లేవడానికి అతనికి నిజంగానే కష్టమైంది. వేషంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

చెల్లెమ్మ నా పక్కన కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టలేదు.

“ఎడమచేత్తో తీశాడు, చూశావా అన్నయ్యా” అంది. “నాదే ఎడమచేతి వాటం. ఆయనది కుడి.”

నేను గమనించలేదు. కిందటిరోజు అంతసేపు ఆమె ఎదురుగా నిలబడి కూడా గమనించలేదు.

బయటికొచ్చేసరికి అబ్బాయి బండి స్టార్ట్ చేసి ఉంచాడు. వాళ్ల నాన్న ఇంకా చీరలోనే ఉన్నాడు. హెల్మెట్ తీసి తండ్రికి ఇచ్చి, “పెట్టుకో, గాలికి ముడి చెదరకుండా” అన్నాడు. అది ఎగతాళో, ప్రేమో, ఊళ్లోకెళ్లేటప్పుడు మొహం కనబడకూడదనో నాకు తెలియదు. బావ పెట్టుకున్నాడు. కొడుకు వెనక అతను, అతని వెనక చెల్లెమ్మ, ముగ్గురూ ఒకే బండి మీద ప్రత్తిపాడు వెళ్లారు.

ఆ తర్వాత బావ షాపుకు వచ్చింది కొద్ది రోజులే. పోయినరోజు సంఘం వాళ్లంతా ఆటోల్లో వచ్చారు. వీళ్లెందుకొచ్చారని చుట్టాల్లో ఒకాయన అన్నాడు. చెల్లెమ్మ విని, ఆయన్ని లేపి ఆ కుర్చీలో సంఘం నడిపే ఆమెను కూర్చోమంది. పొన్నూరు కుర్రాడు మీసం తీసేసి వచ్చాడు. కొడుక్కి మాత్రమే ఉండే ఆచారం అది. ఎవరూ వాణ్ణి ఏమీ అడగలేదు.

రెండో మిషను అలా ఖాళీగా ఉంటే నాకు పని సాగలేదు. చూపు తగ్గిందని అందరికీ చెప్పి షాపు వదిలేశాను. చూపు తగ్గిన మాట కూడా నిజమే.

మొన్నామధ్య చెల్లెమ్మ మా ఇంటికొచ్చింది. ఒక కొత్త గుడ్డముక్క, ఒక జాకెట్టు ముందుపెట్టి, ఒకటి కుట్టిపెట్టన్నయ్యా అంది. కళ్లు కనబడటం లేదమ్మా, వేరే ఎవరికైనా ఇప్పిస్తా అన్నాను. కాదు నువ్వే అంది. జాకెట్టు తీసి చూశాను. అది బావకు నేను కుట్టింది.

“ఇది బావది చెల్లెమ్మా. నీ పాతవి ఉన్నాయిగా. అందులో ఒకటి తీసుకురా.”

“ఉన్నాయి. దీని ఆదికే కుట్టు.”

విప్పి బల్ల మీద పరిచాను. మడతల్లోంచి కాస్త కారం ఘాటు వచ్చింది. భుజాల దగ్గర నీకు వదులవుతుందమ్మా అన్నాను. అడగకూడని మాట నేను అడిగింది అదొక్కసారే.

“ఉండనీ అన్నయ్యా” అంది.

సుద్దముక్క కోసం వెతికాను.